యాభై వేలతో అద్దె ఇంటికి ఫర్నిచర్: ఎం.ఆర్.పల్లి కేసు

బడ్జెట్ ఫర్నిచర్ అనగానే అందరూ కలప రేటు దగ్గర మొదలుపెడతారు. అడుగు ఎంత, షీటు ఎంత, ఏ షాపులో తక్కువకిస్తారు. నా లెక్క వేరే. ఇంట్లో ఏ సామానైనా పాడయ్యేది మూడు చోట్లే: నీళ్లు తగిలే చోట, బరువు పడే చోట, రోజూ చెయ్యి ఆడే చోట. డబ్బు ఆ మూడు చోట్ల పెట్టి, మిగతాదంతా పాత కట్టెతోనో ప్యాకింగ్ చెక్కతోనో కక్కుర్తిగా లాగించేయొచ్చు. షాపులవాళ్లు చేసేది సరిగ్గా దీనికి తిరగబడ్డ పని, పైన మెరిసే లామినేట్‌కి ఖర్చు పెట్టి కింద కాలికి పొట్టు చెక్క వేస్తారు.

నాది తిరుపతిలో చిన్న వర్క్‌షాపు. చేసి అమ్మేది తక్కువ, "మేమే చేసుకుంటాం, పక్కన నిలబడి చెప్పండి" అని వచ్చేవాళ్లకు చేయించేది ఎక్కువ. ఈ కేసు అలా వచ్చిందే.

ఇల్లు, మనుషులు

ఎం.ఆర్.పల్లి వైపు రెండో అంతస్తులో అద్దె పోర్షన్. రెండు బెడ్‌రూములు, ఒక హాలు. ఆయనకు రేణిగుంట వైపు కంపెనీలో షిఫ్టు డ్యూటీ, ఆమె సాయంత్రం పూట ఇంట్లోనే ట్యూషన్ చెబుతుంది, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు. చేతిలో ఉన్నది యాభై వేలు, నా ఫీజుతో కలిపి. షాపులో అడిగితే మంచం, సోఫా, డైనింగ్ సెట్టు, పుస్తకాల ర్యాకు, టీవీ యూనిట్ అన్నీ కలిపి లక్షా ముప్పై దాకా చెప్పారట, ఈఎంఐ ఉంది మేడం టెన్షన్ పడొద్దు అన్నారట. ఆమెకు ఆ ఈఎంఐ మాటకే టెన్షన్ వచ్చి నా దగ్గరికొచ్చింది.

వీళ్లకు అప్పటికే ఒకసారి దెబ్బ తగిలింది. 2021 నవంబర్ మూడో వారంలో పడ్డ వానలు తిరుపతి వాళ్లెవరూ మర్చిపోరు, అప్పుడు వీళ్లు పల్లపు వీధిలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నారు. ఇంట్లోకి వచ్చిన నీళ్లు జానెడే. ఆ జానెడుకే పార్టికల్ బోర్డు బీరువా, మంచం అడుగున పాలల్లో వేసిన బన్నులా ఉబ్బిపోయాయి. పార్టికల్ బోర్డంటే చెక్క పొట్టుని జిగురుతో కలిపి నొక్కిన పలక, ఒకసారి నీళ్లు తాగి ఉబ్బిందంటే ఎండబెట్టినా మళ్లీ యథాస్థితికి రాదు, స్క్రూ పట్టు కూడా పోతుంది. కొన్నాళ్లు ఇటుకలు పెట్టి నెట్టుకొచ్చి, ఈ ఇంటికి మారేటప్పుడు స్క్రాప్ వాడికిచ్చేశారు. మిగిలినవి ఒక మంచి పరుపు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. రెండో అంతస్తుకు వరద రాదు కదా అంటారేమో. రోజూ ఇల్లు తుడిచే తడిగుడ్డ వస్తుంది, అది చాలు. వరద ఒక్కరోజులో చేసేది తడిగుడ్డ రెండేళ్లలో చేస్తుంది.

ముందు కొట్టేసినవి

నేను మొదట చేసే పని లిస్టులో గీతలు కొట్టడం. సోఫా కొట్టేశా. సోఫాలో ఖర్చంతా ఫోమ్‌కీ గుడ్డకీ పోతుంది, ఇంట్లో చేసుకునేవాళ్లకు అది చేతికి రాని పని, తక్కువ డెన్సిటీ ఫోమ్ వేస్తే ఏడాదికే గుంటలు పడుతుంది. దాని బదులు నవారు అల్లిన దివాన్. డ్రెస్సింగ్ టేబుల్ కొట్టేశా, గోడలో కప్‌బోర్డు ఉంది, దాని తలుపు లోపలివైపు అద్దం అతికిస్తే చాలు. ఆరు కుర్చీల డైనింగ్ సెట్టు కొట్టేసి టేబుల్ ఒక్కటే ఉంచా, కుర్చీలు ఉన్న ప్లాస్టిక్‌వే. కుర్చీ చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు, మనిషి వెనక్కి వాలిన ప్రతిసారీ ఆ బరువంతా వెనక కాలి అతుకు మీదే పడుతుంది, కొత్త చేతులతో మొదలుపెట్టాల్సిన వస్తువు కాదది.

ఆయనకు సోఫా మాట నచ్చలేదు. "చుట్టాలొస్తే యాడ కూర్చుంటారన్నా?" అన్నాడు. ఆమె నన్ను మాట్లాడనివ్వలేదు, "మీ చుట్టాలు వచ్చేది సంవత్సరానికి ఒకసారి, ట్యూషన్ పిల్లకాయలు వచ్చేది రోజూ" అంది. దాంతో ట్యూషన్ పిల్లలకు నేల మీద పెట్టుకునే డెస్కులు నాలుగు లిస్టులో పైకెక్కాయి. ఇంట్లో డబ్బు తెచ్చిపెట్టే సామాను అవొక్కటే కాబట్టి అది న్యాయం కూడా.

ఇంటి ఓనరు గోడకు డ్రిల్లు పెట్టకూడదన్నాడు. మెట్లు ఇరుకు, మధ్యలో మలుపు. అంటే ప్రతి పెద్ద వస్తువూ బోల్టులు విప్పితే పట్టీలు పట్టీలుగా విడిపోవాలి. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు నేను ఎప్పుడూ ఇదే చెబుతాను, ఇల్లు ఎప్పుడు మారాల్సి వస్తుందో తెలియదు, జిగురు పెట్టి శాశ్వతంగా బిగించిన మంచం మలుపు మెట్ల దగ్గర చిక్కుకుంటే దాన్ని రంపంతో కోసి దించడమే గతి.

కొలతల్లో ఒకటి మాత్రం వివరంగా చెప్పాలి. పెద్దావిడ పగలంతా హాల్లోనే ఉంటుంది, దివాన్ ముఖ్యంగా ఆమెకే. షాపు దివాన్లు పదిహేను పదహారు అంగుళాల ఎత్తుంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందులోంచి లేవాలంటే ఇంకొకరు చెయ్యివ్వాలి. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కింద పాత పుస్తకాలు ఒక్కొక్కటే పెంచుతూ, లేచి నిలబడమన్నా. "ఇప్పుడు బాగుంది నాయనా" అని ఆమె చేతులు ఆనించకుండా లేచిన దగ్గర టేపు పెడితే పందొమ్మిది అంగుళాలు. నవారు మనిషి కూర్చుంటే అంగుళం దిగుతుంది, అందుకని చట్రం ఇరవైకి ఖాయం చేశాం. ఇంట్లో చేసుకోవడంలో అసలు లాభం నాకు ఇలాంటి చోటే కనిపిస్తుంది. ఈ ఎత్తు దివాన్ షాపులో యాభై వేలిచ్చినా రెడీగా దొరకదు.

కట్టె ఎక్కడ దొరికింది

మూడు రకాలు వాడాం. బరువు మోసే కాళ్లకీ మంచం పట్టెలకీ పాత టేకు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే ద్వారబంధాలు, కిటికీ చట్రాలు పాత సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. దశాబ్దాల పాటు గోడలో ఎండిన టేకు ఇక పెద్దగా వంకర పోదు, కొత్త టేకు రేటుతో పోలిస్తే చవక. రంగులు పూసి, సున్నం అంటి అసహ్యంగా ఉంటుంది కాబట్టే ఆ రేటుకు వస్తుంది. కొనేముందు మూలన కత్తితో కొంచెం గీకి చూడాలి, లోపల గోధుమ రంగు చేవ, టేకు వాసన రావాలి. సుత్తితో తట్టితే డొల్ల శబ్దం వస్తే చెద తిన్నదన్నమాట, వదిలేయాలి.

మేకులదే పెద్ద తలనొప్పి. పైకి కనిపించేవి పీకేయొచ్చు, లోపల విరిగిపోయి తుప్పు పట్టినవి కనిపించవు. చిత్రిక మిషను బ్లేడుకు ఒక్క మేకు తగిలినా గాటు పడుతుంది, అందుకే పాత కట్టె అనగానే మిల్లు వాళ్లు మొహం తిప్పుకుంటారు. పాడైన స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి దారానికి కట్టి, కట్టెకు నాలుగు వైపులా మెల్లగా లాగించమని పెద్ద పిల్లాడికి ఇచ్చా. దారం ఎక్కడ పక్కకు లాగితే అక్కడ సుద్దముక్కతో గుండ్రం చుట్టాలి. వాడికది ఆట అయిపోయింది. సుద్ద గుర్తులున్న చోటల్లా ఉలితో తవ్వి మేకు తీశాక, ఆ అయస్కాంతం మిల్లువాడి ముందే ఇంకోసారి తిప్పి చూపిస్తే అప్పుడు చిత్రిక పట్టడానికి ఒప్పుకున్నాడు.

రెండోది ప్యాకింగ్ చెక్క, పైన్. ఫ్యాక్టరీలకు మిషన్లు వచ్చే పెట్టెలు, ప్యాలెట్లు విప్పి స్క్రాప్ షాపుల్లో అమ్ముతారు. ఇందులో చూడాల్సింది ముద్ర. విదేశాలకు పంపే ప్యాకింగ్ చెక్క మీద గోధుమ కంకి బొమ్మ, దేశం కోడు, పక్కన రెండక్షరాలు కాల్చి వేస్తారు. హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, అంటే చెక్క నడిమధ్య కూడా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు ఉండేలా కాచారు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో పురుగు చంపారు. ఇంట్లోకి, అందులోనూ పిల్లలు చేతులు పెట్టే డెస్కుకి, ఎం.బి. చెక్క వద్దు. నూనె మరకలు, మందు వాసన ఉన్నవి కూడా ఏ ముద్ర ఉన్నా వద్దు. ఇంటికి ఆటోలో దింపినప్పుడు పెద్దావిడ మేడ మీంచి చూసి, "ఏంది నాయనా, ఈ పొయ్యిలో కట్టెలకి దుడ్లిచ్చి కొన్నారా?" అని అడిగింది. చిత్రిక పట్టిన తర్వాత ఆ పైన్ లోపలి లేత పసుపు చూసి ఆమె ఏమీ అనలేదు, చేత్తో రాసి చూసి లోపలికెళ్లింది.

హెచ్.టి. ముద్ర ఉందంటే అప్పటికి లోపలున్న పురుగు చచ్చిందనే, రేపు కొత్తది రాదని కాదు. మన వాతావరణంలో పైన్‌కీ మామిడి చెక్కకీ పుచ్చు తొందరగా పడుతుంది. చిత్తూరు వైపు మామిడి చెక్క చవగ్గా దొరుకుతుందని చాలామంది ఎగబడతారు, మందు పెట్టకుండా వాడితే కాళ్ల కింద రోజూ తెల్లపొడి ఊడ్చుకోవాలి. పెద్దగా ఖర్చు లేని మందు ఒకటుంది: లీటరు వేడినీళ్లలో 30 గ్రాముల వెలిగారం (బోరాక్స్), 20 గ్రాముల బోరిక్ పౌడరు కరిగించి, చిత్రిక పట్టిన చెక్కకు అన్నివైపులా, ముఖ్యంగా కోసిన చివరలకు, రెండు కోటింగులు పూయాలి. ఒకటి ఆరాక ఇంకోటి. చేతికి గ్లవ్స్ వేసుకోవాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. నీళ్లు తగిలితే ఈ మందు కరిగి పోతుంది కాబట్టి పైన వార్నిష్ తప్పనిసరి, వరండాలో వానకు తడిసే సామానుకి పనికిరాదు.

ఇక్కడో మాట. కట్టె వెతుకుతున్న సమయంలో ఒకడు వీళ్లాయనకు ఫోన్ చేసి, ఎర్రచందనం పాత దుంగ ముక్కలున్నాయి, స్టూల్ కాళ్లకు బాగుంటాయి, టేకు రేటుకే ఇస్తానన్నాడట. శేషాచలం పక్కన ఉంటూ ఇది తెలియనివాళ్లు ఉండరు గానీ చెబుతున్నా, అనుమతి పత్రాలు లేకుండా ఎర్రచందనం ఇంట్లో ఉంటే చాలు, కేసు అవుతుంది. చిన్న ముక్కైనా సరే. ఫోన్ పెట్టేయమన్నా.

ఒక్క షీటు ప్లైవుడ్

మూడోది ప్లైవుడ్, పుస్తకాల ర్యాకుకి. 18 ఎంఎం షీటు ఒకటే కొన్నాం, ఐఎస్ఐ గుర్తు, ఐ.ఎస్. 303 నంబరు, బి.డబ్ల్యు.ఆర్. గ్రేడు, అంటే మరిగే నీళ్లకు కూడా తట్టుకునే రకం. గాలి తేమకు మాత్రమే తట్టుకునే మామూలు ఎం.ఆర్. గ్రేడు చవక, పొడిగా ఉండే చోట అదీ నడుస్తుంది, కానీ తడిగుడ్డ తగిలే అడుగు పలకకు బి.డబ్ల్యు.ఆర్. కావాలి. వంటింటి సింకు కింద అయితే ఐ.ఎస్. 710 మెరైన్ ప్లైకి వెళ్లమంటాను, ఇక్కడ ఆ ఖర్చు దండగ.

షీటు కోత లెక్క రాసి చూపిస్తా, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. షీటు 96 అంగుళాల పొడవు, 48 వెడల్పు. నిలువునా నాలుగు పట్టీలుగా కోయించాం, ఒక్కొక్కటి పదకొండు ముప్పావు. పన్నెండు ఎందుకు కాదంటే రంపం బ్లేడు ప్రతి కోతకూ మూడు మిల్లీమీటర్లు పొడి చేస్తుంది, పన్నెండని రాసిస్తే నాలుగో పట్టీ సన్నగా వస్తుంది. మొదటి రెండు పట్టీల్లో ఒక్కోదాన్నుంచి 60 అంగుళాల పక్క పలక ఒకటి, 30 అంగుళాల అర ఒకటి. మిగతా రెండు పట్టీల్లో ఒక్కోదానికి 30 అంగుళాల అరలు మూడేసి. వెరసి రెండు పక్కలు, ఎనిమిది అరలు. ర్యాకుకి ఐదు అరలు సరిపోయాయి, కింద నాలుగంగుళాలు వదిలి పైదాకా సమంగా పంచితే మధ్య ఖాళీ పదమూడు అంగుళాలు వచ్చింది, ఎ4 రికార్డు బుక్కులు నిలబెట్టినా తగలవు. మిగిలిన మూడు అరలతో టీవీ బల్ల: ఒకటి పైన, ఒకటి అడుగున, మూడోదాన్ని సగానికి కోసి రెండు పక్కలకి. చివర మిగిలిన ఆరంగుళాల లోపు ముక్కలు మూలల్లో దన్నుగా పోయాయి. షీటులో పారేసింది రంపం పొట్టే.

అర 30 అంగుళాలు దాటనివ్వకపోవడం కూడా ఊరికే కాదు. పుస్తకాలు నిండా సర్దిన అర మధ్యలో కుంగుతుంది కదా, పొడవు రెండింతలు చేస్తే ఆ కుంగు రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. మందం రెండింతలు చేస్తే ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అందుకే పొడుగు అర వేసి మందం ప్లై కొనేకంటే, పొట్టి అర వేసి మామూలు ప్లై వాడటం లాభం. ఇంకా భయముంటే అర ముందు అంచుకి కింద అంగుళంన్నర వెడల్పు పైన్ పట్టీ నిలువుగా జిగురుతో అతికిస్తే చాలు, ప్లై అంచు పొరలు కూడా దాని వెనక దాక్కుంటాయి.

ఈ కోతలన్నీ ప్లై షాపులో ప్యానెల్ సా మీద, అంటే షీట్లు తిన్నగా కోసే పెద్ద మిషను మీద చేయించాం. ఇంట్లో చేసుకోవడమంటే కోత కూడా మనమే కోయాలని పౌరుషానికి పోయి చక్రం రంపం కొనేవాళ్లని చూస్తుంటాను. వద్దు. అది ఖరీదైనది, ప్రమాదకరం, కొత్తచేతికి తిన్నగా రాదు. మిల్లులో కోతకు ఇంత అని తీసుకుంటారు, మూలమట్టానికి సరిగ్గా వస్తుంది. మన చేతికి కొలత, రంధ్రం, స్క్రూ, జిగురు, ఇసుక కాగితం, రంగు మిగులుతాయి, కూలి ఎక్కువ తినేవి అవే.

బిగింపు పని

మంచానికి ముందు పరుపు కొలిచాం, 75 బై 60 అంగుళాలు. పట్టెలు, కోళ్లు (మంచం కాళ్లు) పాత టేకు. కోడుకీ పట్టెకీ చిన్న కుసి (రంధ్రంలో దూరే నాలుక) వేసి లోపల బ్యారెల్ నట్టుతో, అంటే చెక్కలో అడ్డంగా దూర్చే గుండ్రటి నట్టుతో, 8 ఎంఎం బోల్టు బిగించే పని మాత్రం తెలిసిన ఆచారి చేత చేయించాం. బరువు పడే అతుకు కొత్తవాళ్ల చేతికి ఇవ్వను, కూలి దండగ అనిపించినా సరే. పట్టీలు ఇంటాయన వేశాడు, మూడంగుళాల వెడల్పు పైన్ పట్టీలు పద్నాలుగు, మధ్య రెండున్నర అంగుళాల సందు. ఐదడుగుల వెడల్పుకి పైన్ పట్టీ ఒక్కటే ఆగదు, నిలువునా మధ్య పట్టె ఒకటి, దాని కింద రెండు కాళ్లు. ఈ మధ్య కాళ్లు లేకపోవడం వల్లే చవక మంచాలు కిర్రుమంటాయి.

నేల డెస్కులకు మూడున్నర అడుగుల పైన్ పలకలు పక్కపక్కన అతికించాలి. క్లాంపులు కొంటే ఒక్కోటీ వందల్లో ఉంటుంది, కనీసం నాలుగు కావాలి. సైకిల్ షాపు నుంచి పాత ట్యూబులు తెచ్చి నిలువునా అంగుళం వెడల్పు పట్టీలుగా కోశాం. అంచులకు ఫెవికాల్ రాసి, పలకలు దగ్గర చేర్చి, ట్యూబు పట్టీని సాగదీస్తూ గట్టిగా చుట్లు చుడితే రాత్రికి రాత్రి పట్టేస్తుంది. జిగురు సందులోంచి సన్నటి ముత్యాల వరసగా బయటికి రావాలి. అసలు రాకపోతే తక్కువ రాసినట్టు, కారిపోతే ఎక్కువ. కారిన చోట వెంటనే తడిగుడ్డతో తుడవకపోతే తర్వాత వార్నిష్ ఆ మరకల మీద పట్టదు.

స్క్రూల దగ్గర ఒక గొడవ జరిగింది. నేను చెప్పింది చెక్క స్క్రూలు, 8 నంబరు, రెండంగుళాలవి. ఆయన డ్యూటీ నుంచి వస్తూ హార్డ్‌వేర్ షాపులో అడిగితే, ఇవీ అంతే సార్ అని నల్లటి జిప్సం స్క్రూలు ఇచ్చి పంపారు. అవి సీలింగు బోర్డుకు. గట్టిగా ఉంటాయి గానీ పెళుసు, పక్కకు ఊపు తగిలితే తల తెగిపోతుంది. ఒక డెస్కు వాటితోనే బిగించేశాడు, పిల్లలు దాని మీద మోచేతులు ఆనించి ఊగగానే రెండు స్క్రూల తలలు ఎగిరిపోయాయి. తెగిన స్క్రూ మొండెం లోపలే ఉండిపోతుంది, దాని పక్కన కొత్త రంధ్రం వేసుకోవడమే. ప్లై అంచులోకి వేసే ప్రతి స్క్రూకీ ముందు 3 ఎంఎం బిట్టుతో రంధ్రం వేయాలి, లేకపోతే పొరలు విచ్చుకుంటాయి. స్క్రూకి కొంచెం కొబ్బరినూనె రాస్తే నున్నగా దిగుతుంది.

డైనింగ్ టేబుల్‌కి కాళ్లు ఆటోనగర్‌లో వెల్డింగు చేయించిన ఇనుప చట్రం, పైన పైన్ పలక. ఇనుప చట్రంలో గుండ్రటి రంధ్రాలు కాదు, వెడల్పు వైపు సాగిన పొడవాటి రంధ్రాలు వేయించా. మే నెల ఎండకూ నవంబర్ తేమకూ మధ్య రెండడుగుల వెడల్పు పైన్ పలక పావంగుళం దాకా సాగి ముడుచుకుంటుంది. స్క్రూ కదలడానికి చోటు లేకపోతే పలక నిలువునా పగులుతుంది. వెల్డర్ "ఎందుకు సామీ ఇంత పని" అన్నాడు, ఈ మాటే చెప్పా.

దివాన్ నవారు పెద్దావిడే దగ్గరుండి అల్లించింది, మాకెవరికీ ఆ బిగువు తెలియదు. ముందు ఒకవైపు వరసలన్నీ లాగి కట్టి, అడ్డం వరసలు ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి దూరుస్తూ, ప్రతి నాలుగు వరసలకూ మళ్లీ మొదటికొచ్చి లాగమంది. చివరికి వేలితో తడితే డప్పులా మోగాలట.

రంగు, అలంకారం

ఇసుక కాగితం గరుకైన 80 నంబరుతో మొదలుపెట్టి 120, ఆపై నున్నటి 220, ఎప్పుడూ చెక్క రేఖల వెంబడి, అడ్డంగా కాదు. మధ్యలో ఒకసారి తడిబట్టతో తుడిస్తే నూగు లేస్తుంది, ఆరాక మళ్లీ రుద్దితే చెయ్యి జారిపోతుంది. పైన్‌కి వాటర్ బేస్ వార్నిష్, వాసన తక్కువ, ఇంట్లో పెద్దావిడ ఉంది కదా. టేకుకి స్పిరిట్ పాలిష్ వేద్దామని ఇంటాయనకు సరదా. సరే, కానీ ఎండ రోజే వెయ్యమన్నా. వాన ముసురులో సాయంత్రం డాబా మీద రేకు కింద వేశాడు, తెల్లారేసరికి మంచం కోళ్లు పాలిపోయి తెల్లమచ్చలు. స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు గాలిలో తేమ పొరలోకి చేరితే అలా అవుతుంది. భయపడక్కర్లేదు, పొడి రోజు చూసి స్పిరిట్‌తో కొంచెం తడిపిన గుడ్డ పైపైన లాగితే పొర కరిగి తేమ వెళ్లిపోతుంది, అలాగే పోయింది. అన్నింటి కాళ్ల అడుగుకూ రెండు పొరలు ఎనామిల్ పూసి, రబ్బరు బుష్‌లు తొడిగాం. తడిగుడ్డకు వేసిన తాళం అదే.

అలంకారం పేరుతో ప్లాస్టిక్ పూలు, గోడ స్టిక్కర్లు కొనకండి అని నేను పోట్లాడతాను, మన జిల్లాల్లో ఇన్ని ఉండగా ఎందుకు? కర్టెన్లకు నగరి మరమగ్గాల గుడ్డ, మీటర్ల లెక్కన కొని ఆమే కుట్టుకుంది. పలమనేరు మట్టి కుండీలు రెండు, ఒక దీపపు గూడు. గోడకు శ్రీకాళహస్తి కలంకారీ. పెద్ద పటం కొనాలంటే మన బడ్జెట్ మొత్తం దానికే పోతుంది, కలంతో చేతిగీత అంటే ఊరికే కాదు, గుడ్డను కరక్కాయ, పాలల్లో నానబెట్టి ఆరబెట్టి, బెల్లం ఇనుము ఊరబెట్టిన నల్లరంగుతో గీసి, ఒక్కో రంగుకీ మళ్లీ మళ్లీ ఉతికి ఆరేసే పని. అందుకే చిన్న నెమలి పటం ఒకటి తీసుకుని, మిగిలిన టేకు ముక్కలతో చట్రం కట్టాం. కలంకారీ అని చెప్పి ప్రింటు గుడ్డ అంటగట్టేవాళ్లు ఉంటారు, దగ్గరగా చూడండి, చేతిగీతలో ఒకే నెమలి పింఛంలో ఏ రెండు కళ్లూ అచ్చుగుద్దినట్టు ఉండవు. అచ్చు దిమ్మెలతో వేసేది మచిలీపట్నం, పెడన వైపు పద్ధతి, అది తక్కువేం కాదు, రేటు వేరు. గోడకు డ్రిల్లు లేదు కాబట్టి ర్యాకు మీద ఆనించి పెట్టాం, నేరుగా ఎండ పడని మూలన.

లెక్క

కలప అంతా కలిపి 17,150: ప్యాకింగ్ పైన్ 7,800, పాత టేకు 6,500, ప్లై 2,850. కోత, చిత్రిక 3,200. టేబుల్ కాళ్ల వెల్డింగు 2,400. స్క్రూలు, బోల్టులు, జిగురు, బుష్‌లు 2,650, నవారు 1,150, రంగులూ కాగితాలూ మందూ 4,100. డ్రిల్లు, మూలమట్టం, టేపు లాంటి పనిముట్లు 4,900, ఇవి వాళ్ల దగ్గరే ఉంటాయి. ఆటోలు 1,400, ఆచారి కూలి 3,600, గుడ్డలూ కుండీలూ పటమూ 5,200, నా ఫీజు 4,000. మొత్తం 49,750. ఇందులో రాయనిది వాళ్ల శ్రమ. సెలవు రోజులన్నీ దీనికే పోయాయి, మధ్యలో ఆయన ఒకసారి విసుగెత్తి షాపుకే పోదామన్నాడు కూడా. సమయం అసలు లేనివాళ్లకు ఈ దారి నేను చెప్పను, వాళ్లు మంచి వడ్రంగిని పెట్టుకుని డిజైన్ తగ్గించుకోవడం మేలు.

ఒక వానాకాలం తర్వాత వెళ్లి చూశా. ర్యాకు అరలకు దారం పట్టి చూస్తే వంపు లేదు. బుష్‌లు తీసి చూస్తే కాళ్ల అడుగు పొడిగా ఉంది. నవారు సహజంగానే వదులైంది, పెద్దావిడ మళ్లీ లాగించిందట. టేబుల్ పలక పగల్లేదు. డెస్కుల మీద మాత్రం కంపాస్ ముల్లుతో చెక్కిన పేర్లు, గీసిన క్రికెట్ స్కోర్లు, పైన్ మెత్తని కట్టె కాబట్టి అది ఆపలేం.

ట్యూషన్ పిల్లలు పెరగడంతో ఇంకో నాలుగు డెస్కులు కావాలంది ఆమె. ఈసారి పైపలకకు పైన్ వద్దు, వేప వేద్దామన్నా. గట్టిగా ఉంటుంది, పురుగు భయం తక్కువ, ఇక్కడి సామిల్లుల్లో దొరుకుతుంది, కాకపోతే బరువు, బాగా ఎండింది చూసుకుని తీసుకోవాలి, పచ్చిది అంటగడితే వంకర పోతుంది. కాళ్లు పైన్‌వే, స్క్రూలు మాత్రం ఆమే స్వయంగా కొంటానంది.